పరిగణించని ముప్ఫై నాలుగు మాటలు

ఆ మంగళవారం ఉదయం మా ఇంట్లో బట్టలుతికే యంత్రం స్నానాలగది గుమ్మం దాకా నడిచి వచ్చింది. నడిచి రావడం అన్నది అతిశయోక్తి కాదు. గోడకున్న ప్లగ్గు తీగ బిగుసుకునేంతవరకూ అది రెండడుగుల దూరం ఊగుతూ, గెంతుతూ ముందుకు వచ్చింది.

“ఏమండీ, దీనికి మళ్లీ పూనకం వచ్చింది. కాస్త చూడండి,” అని నా భార్య ఇందుమతి వంటింట్లోంచి కేకేసింది.

చదువుతున్న పత్రిక మడిచి వెళ్లాను. ఆమెను ఏ ప్రశ్నా వేయలేదు. యంత్రాన్ని వెనక్కి నెట్టి, ముందరి కుడికాలు నేలకు ఆనడంలేదని వేలితో తడిమి తెలుసుకుని, అట్టముక్కను నాలుగు మడతలు పెట్టి దాని కింద దూర్చాను. డ్రమ్ములో తడి దుప్పటి ఒక పక్కకు చేరి ఉంటే పరిచాను. మళ్లీ తిప్పినప్పుడు యంత్రం కదలకుండా నిలబడింది. నాలుగు నిమిషాల పని. తరువాత స్నానం చేసి, ఇడ్లీ తిని, ప్రయోగశాలకు వెళ్లి, పదిన్నరకు కూర్చుని ఆ జాబితా రాశాను.

ఈ రెండు పనులూ ఒకే రోజున జరిగాయన్న సంగతి నాకు తట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

నా పేరు విరూపాక్షం. విద్యుత్ పరికరాల లోపాలు కనిపెట్టే పనిలో ముప్ఫై ఆరేళ్లు గడిపి, ఇదంతా జరిగాక పదవీ విరమణ చేశాను. అంతకంటే ఎక్కువ కాలం హేతువాద సంఘంలో పనిచేశాను. నిప్పుల మీద నడిచి చూపించాను. ఖాళీ అరచేతిలోంచి విభూతి రాల్చి, ఎలా రాల్చానో కూడా చూపించాను. దేవుడి పేరు ఎందుకు మార్చుకోలేదని ఎవరైనా అడిగితే, పేరు ఒక చీటీ మాత్రమే, సీసాలో ఏముందో చూడండి అనేవాణ్ణి. మాటకు దాని అర్థం ఒక్కటే విలువ అని నా నమ్మకం. ఈ కథ ఆ నమ్మకం గురించే.

పెద్ద యంత్రాల దగ్గర పనిచేసినవారికి ఒక సంగతి తెలుసు. కాలువలు తవ్వే ఎక్స్‌కవేటర్ ఆగిపోతే, పదింట ఆరుసార్లు చెడిపోయింది యంత్రం కాదు, దాని సెన్సర్. ఎక్కడో ఒక జాయింటులో చెమ్మ చేరుతుంది, లేదా ఇనుప అంచుకు రాసుకుని తీగ తొక్క లేస్తుంది. ఆపరేటర్ ముందు ఎర్రదీపం వెలుగుతుంది. వంద కిలోమీటర్ల నుంచి మెకానిక్ వచ్చేసరికి చెమ్మ ఆరి, దీపం కూడా ఆరిపోయి ఉంటుంది. అతను ఏమీ లేదని వెళ్తాడు. మర్నాడు మళ్లీ వెలుగుతుంది.

దీనికి మేము కనిపెట్టిన విరుగుడు పేరు నికషం. బంగారాన్ని గీసి చూసే రాయి పేరు అది. చూడటానికి గోధుమరంగు జిగురులా ఉంటుంది. యంత్రంలోని తీగలన్నిటి మీద పూస్తే, ఆరేటప్పుడు ఆ పూతలో వెంట్రుకకంటే సన్నని దారులు వాటంతట అవే ఏర్పడతాయి. ఏ సెన్సర్‌లో విద్యుత్తు ఎప్పుడు, ఎంత ఊగుతుందో ఆ దారులు గుర్తుపెట్టుకుంటాయి. మూడు వారాల్లో యంత్రానికి తన ఒళ్లు తనకు తెలుస్తుంది.

మొదటిసారి దాన్ని పరీక్షించిన రోజు వకుళ ఒక గ్లాసు నిండా నీళ్లు పోసింది. వకుళ నా దగ్గర చదువుకుని, ఇప్పుడు నాకు చదువు చెప్పగలిగే స్థితిలో ఉన్న ఇంజనీరు. బల్ల మీది చిన్న ఇనుప చెయ్యి గ్లాసు పట్టుకుని పైకి లేస్తుండగా ఆమె కత్తెరతో వంపు కొలిచే సెన్సర్ తీగను కత్తిరించింది. చెయ్యి తొట్రుపడలేదు. తెగిన తీగ చెప్పవలసిన విలువను, మిగిలిన సెన్సర్లు చెబుతున్నదాన్ని బట్టి, పూతే ఊహించి అందించింది. ఒక్క చుక్క నీరు తొణకలేదు. మేమిద్దరం చప్పట్లు కొట్టాం.

చప్పట్లు ఆగాక వకుళ అడిగింది.

“సార్, తెగిన తీగ సరే. తెగని తీగ ఒక్కటే నిజం చెబుతోంది, మిగతావన్నీ అలవాటుకొద్దీ బాగుందంటున్నాయి అనుకోండి. అప్పుడిది ఏం చేస్తుంది?”

“ఒంటరిదాన్ని లోపం కింద తీసేసి, తన ఊహ అందిస్తుంది.”

“అదే నా భయం.”

“అందుకే మనిషిని పెడదాం. ఆపరేటర్ మాట వింటుంది. ఒంటరి సెన్సర్ చెప్పిందే ఆపరేటర్ కూడా చెబితే యంత్రం ఆగుతుంది. చెప్పకపోతే పూత తీర్పే తీర్పు.”

ఆ ఏర్పాటు నా ఆలోచనే. ఆపరేటర్ కూర్చునే గదిలో ఒక పెట్టె పెట్టాం. అది వింటుంది, బదులు చెబుతుంది. దానికి గొంతు కావలసివచ్చినప్పుడు నాదే ఇచ్చాను. యౌవనంలో రేడియోలో వైజ్ఞానిక ప్రసంగాలు చదివాను. ఉచ్చారణ స్పష్టమని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం.

మొదటి యంత్రం మీద పెట్టెను పరీక్షిస్తే ఒక్క నెలలో పదకొండుసార్లు ఊరికే ఆగిపోయింది. పెట్టె విన్న మాటలన్నీ రాయించి తెప్పించుకుని చదివాను. ‘బండికి దిష్టి తగిలింది’, ‘దీనికి గాలి సోకింది’, ‘దయ్యం దీపం వెలుగుతాంది’. ఇలాంటి వాక్యాలను పెట్టె సాక్ష్యంగా తీసుకుని యంత్రాన్ని ఆపింది. నాకు ఒళ్లు మండింది. ఏ చీకటి మీద నేను జీవితమంతా దీపం పట్టుకు తిరిగానో, అది నా పరికరంలోకే నడిచి వచ్చింది.

ఆ జాబితా నేను రాసింది అప్పుడే, ఆ మంగళవారం. దిష్టి, గాలి, దయ్యం, శని, చేతబడి, పూనకం, పీడ... ఒక్క ఊపులో ముప్ఫై నాలుగు మాటలు. వీటిలో ఏదున్నా ఆ వాక్యం మొత్తాన్ని పెట్టె పరిగణించదు. స్పష్టంగా చెప్పమని అడుగుతుంది.

వకుళ కాగితం చూసి పెదవి విరిచింది. “వాళ్లకున్న మాటలు ఇవే అయితే సార్?”

“నేర్చుకుంటారు. పరికరంతోపాటు భాష కూడా బాగుపడుతుంది.”

“మనం సెన్సర్ల లోపాలు వెతుకుతున్నాం. మనుషులవి కాదు కదా.”

“నిమ్మకాయలు కట్టి యంత్రాలు నడిపేవాళ్ల సాక్ష్యం నాకొద్దు, వకుళా. పెట్టె రికార్డు చేసిన ఆ శబ్దాలు కూడా తుడిచేయి. దాచుకోవడం దేనికి?”

ఆమె మాట్లాడలేదు. ఒప్పుకుందనుకున్నాను. మౌనాన్ని అంగీకారంగా చదవడం నాకు అప్పటికే అలవాటు.

మరుసటి సంవత్సరం నికషం పూసిన యంత్రాల్లో ఒకటి పశ్చిమ ప్రకాశంలో కాలువ తవ్వకానికి వెళ్లింది. దాని ఆపరేటర్ దస్తగిరి. దూదేకుల కుటుంబం, నలభై అయిదేళ్ల వయసు, అందులో ఇరవై రెండేళ్లు యంత్రం మీదే. కింద నిలబడి మట్టం చూస్తూ చేతితో సైగలు చేసే మనిషి యేసోబు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. పదేళ్లుగా ఒకరి క్యారియరులోది ఒకరు తినేవాళ్లు.

ఒక వాన వెలిసిన మధ్యాహ్నం, కాలువగట్టు మీద యంత్రం నడిచే గొలుసుపట్టాల్లో కుడిపట్టా కింద నల్లరేగడి జారింది. వెనకభాగం తిరుగుతూ వచ్చి యేసోబును గట్టుకు నొక్కింది. ప్రాణం దక్కింది. ఎడమకాలు మోకాలి పైదాకా పోయింది.

విచారణకు నిపుణుడిగా నన్ను పిలిచారు. రేకుల షెడ్డులో బల్ల, నాలుగు కుర్చీలు, గుత్తేదారు సంస్థ మనుషులు ఇద్దరు. దస్తగిరి నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నా ముందు నికషం రాసిన కాగితం ఉంది. వంపు సెన్సర్ ఆ వారంలో చాలాసార్లు తేడా చూపించింది. మిగిలినవి బాగుందన్నాయి. పూత దాన్ని తీసేసింది. కింద ఒక గడి: ‘ఆపరేటర్ హెచ్చరిక: లేదు.’

“యంత్రం ఊగుతోందని మీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“తెలుసు సార్. చెప్పినా. ఏడు మాట్లు చెప్పినా.”

“హెచ్చరిక లేదని ఇక్కడ ఉంది.”

“పెట్టెకి చెప్పినా సార్. బండికి పూనకం...”

సంస్థ మనుషుల్లో ఒకతను నవ్వాపుకోలేక దగ్గాడు. నేను చెయ్యెత్తి దస్తగిరిని ఆపాను.

“దయచేసి సమస్యను స్పష్టమైన మాటల్లో చెప్పండి.”

అతను తలెత్తి నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు మరొకరి ఇంట్లో కనబడినప్పుడు మనిషి అలా చూస్తాడు. తరువాత భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

“ఇంగేం లేదు సార్. రాసుకోండి.”

రాసుకున్నాను. ‘ఆపరేటర్ హెచ్చరిక ఇవ్వలేదు. ఇచ్చినట్లు చెప్పిన మాట వాస్తవం కాదు. ప్రశ్నించగా సమాధానం చెప్పలేకపోయాడు.’ మూడు వాక్యాలూ వ్యాకరణయుక్తంగా ఉన్నాయి. దస్తగిరిని యంత్రం మీదనుంచి దింపేశారు. ఆ జిల్లాలో మరెవరూ ఎక్కించుకోలేదు. ఊళ్లో అతను స్నేహితుడి కాలు తీసి అబద్ధం కూడా ఆడిన మనిషి అయ్యాడు. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసిందల్లా మా పరికరం తప్పు చేయలేదని. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాను.

నెల తరువాత ఒక సాయంత్రం వకుళ నా బల్ల దగ్గరకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సార్, మీరు తుడిచేయమన్న శబ్దాలు నేను తుడవలేదు.”

“ఎందుకు?”

“ఏమో. ప్రయోగంలో వచ్చిన దేన్నీ పారేయకూడదని మీరే చెప్పారు, నేను మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు.”

ఆమె తెరమీద రెండు వరసలు పెట్టింది. పై వరసలో ఆపరేటర్ల మాటలు. కింది వరసలో సరిగ్గా అదే క్షణాన సెన్సర్లు గీసిన గీతలు.

“ఇది చూడండి. ‘గాలి సోకింది’ అని ఇరవై మూడుసార్లు అన్నారు. ఇరవై ఒక్కసారి ఎక్కడో జాయింటు వదులైంది. అదురుకు పట్టు తప్పి మళ్లీ కలుస్తోంది. ‘దిష్టి తగిలింది’ పద్నాలుగుసార్లు. అన్నీ యంత్రం కడిగిన మర్నాడే. సెన్సర్‌లో నీళ్లు. ‘దయ్యం దీపం’ అంటే ఏ కారణమూ లేకుండా వెలిగే దీపం. తీగ తొక్కలేచి ఇనుముకు తగులుతోంది.”

“యాదృచ్ఛికం కావచ్చు.”

“కావచ్చు. లెక్క వేశాను, చూస్తారా?”

చూశాను. యాదృచ్ఛికం కాదు. ఆ మనుషులు దయ్యాన్ని గురించి మాట్లాడటమే లేదు. ఒక్కో రకం లోపానికి ఒక్కో పేరు పెట్టుకుని, ఒకదాని పేరు మరొకదానికి ఎన్నడూ వాడకుండా, నా కర్మాగారపు సూచిక పుస్తకంకంటే కచ్చితంగా మాట్లాడుతున్నారు. ఊరికే ఆగిపోయిందనుకున్న ఆ పదకొండుసార్లలో తొమ్మిదిసార్లు యంత్రంలో లోపం ఉంది.

ఆధారం చూపిస్తే అభిప్రాయం మార్చుకుంటానని ముప్ఫై ఏళ్లు సభల్లో చెప్పినవాణ్ణి. ఆధారం చూపించాక నేను మొట్టమొదట చేసిన పని కాఫీ ఉందా అని అడగడం.

“పూనకం?” అన్నాను చివరికి.

“ఒక్క దస్తగిరే, ఏడుసార్లు. ఆ ఏడుసార్లూ యంత్రం బరువెత్తి ఎడమకు తిరుగుతోంది. కుడిపట్టా కింద నేల కుంగి లేస్తోంది. అది చూసింది వంపు సెన్సర్ ఒక్కటే. ఆ సెన్సర్‌లో ఆర్నెల్ల కిందట నీళ్లు చేరి తప్పు చెప్పింది కనక పూత దాని మాట నమ్మడం మానేసింది.” ఆమె రెండు వేళ్లు చూపించింది. “ఇద్దరు సాక్షులు, సార్. ఒకర్ని పూత తీసేసింది. రెండోవాణ్ణి మనం.”

మనం అంది. ఆమె మర్యాద అది.

కొత్త నివేదిక ముసాయిదా వకుళే రాసింది. అది సంచిలో పెట్టుకుని యేసోబు ఊరికి బయల్దేరవలసిన రోజు ఉదయం ఇందుమతి పిలిచింది.

“ఏమండీ, పూనకం! మీ అట్టముక్క పోయినట్టుంది.”

వెళ్లి నేలమీద మోకరించాను. ముందరి కుడికాలి కింద నేను పెట్టిన అట్టముక్క ఇంకా ఉంది. పద్నాలుగు నెలల అదురుకు నలిగి కాగితమంత పలచనైంది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాను. బరువు ఒక పక్కకు చేరి తిరుగుతోంది. ఒక కాలి కింద ఆనిక లేదు. ఆమె ఆ మాట అన్నప్పుడు నేను స్పష్టంగా చెప్పమనలేదు. తిన్నగా వెళ్లి ఆ కాలే తడిమాను.

“ఏమైంది? లేవలేకపోతున్నారా?” అంది ఇందుమతి, చెయ్యి అందిస్తూ.

“లేస్తాను,” అన్నాను. ముందు కొత్త అట్టముక్క మడిచి ఆ కాలి కింద దూర్చాను.

యేసోబు ఇల్లు ఊరి చివరి కాలనీలో, రెండు గదుల స్లాబు. వాకిట్లో పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చంకకర్ర గోడకు ఆనించి ఉంది. ఎందుకు వస్తున్నానో ముందే ఫోనులో చెప్పాను. దస్తగిరిని కూడా అక్కడికే రమ్మన్నాను. రానన్నాడట. అతని భార్య హుసేన్‌బీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

“రమ్మని పిలవకపోయినా వచ్చినాం యేసోబన్నా,” అంది ఆమె గుమ్మం బయటే నిలబడి.

“వచ్చినోళ్లని తరమడానికి నాకు కాలుండాలగదమ్మా,” అన్నాడు యేసోబు. “రాండి. కూసోండి. వాణ్ణి కూడా కూసోమను. నిలబడి నిలబడి వాడి కాళ్లు అరిగిపోతే ఆ నింద గూడా నామీదికే వస్తాది.”

దస్తగిరి పందిరి గుంజ పక్కన కింద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. యేసోబు వంగి, మడిచిన లుంగీ కింద కాలు లేని చోట మంచాన్ని గోక్కున్నాడు. నా చూపు గమనించాడు.

“దురద సారూ. లేని పాదం. గోకబోతే మంచం తగులుతాది.”

లేని చోటునుంచి ఉన్నట్టుగా కబురు రావడం నాకు కొత్త కాదు. తెగిన తీగతో దాన్నే బల్ల మీద చేసి చూపించి చప్పట్లు కొట్టుకున్నాను. ఆ మాట అతనితో అనలేదు. ఫోను తీసి మంచం మీద పెట్టాను.

“దస్తగిరి అబద్ధం చెప్పాడని నేను రాశాను. అది తప్పు. అతను చెప్పింది ఇందులో ఉంది. మీరు వినాలి.”

మొదటిది మోగింది. ఇంజను హోరు వెనుక దస్తగిరి గొంతు, కొంచెం హుషారుగా: “పంతులూ, బండికి పూనకం వస్తాంది. కొంచెం చూడు.” వెంటనే మరొక గొంతు, నిదానంగా, ప్రతి అక్షరమూ విడివిడిగా: “దయచేసి సమస్యను స్పష్టమైన మాటల్లో చెప్పండి.”

“పంతులెవరు?” అన్నాడు యేసోబు.

“పెట్టెకి పెట్టుకున్న పేరన్నా,” హుసేన్‌బీ అంది. “తప్పులు దిద్దుతాదంట. ఇంట్లో దాని మాదిరిగానే మాట్లాడి పిల్లోళ్లని నవ్వించేవాడు.”

రెండోది, మూడోది. ప్రతిదాని వెనుకా అదే గొంతు, అదే వాక్యం. నాలుగోదానికి దస్తగిరి మాటలో హుషారు పోయింది. అయిదోదాంట్లో విసుగు: “స్పష్టంగానే చెప్తాన్నా గదయ్యా, పూనకం అంటే నీకు తెల్దా?” ఆరోదాంట్లో బతిమాలాడు. నేను ఏడోది పెట్టడానికి వేలు చాపి, ఆగి, మళ్లీ చాపాను.

“పంతులూ, ఇను. మళ్లీ పూనకం వస్తాంది, కుడిపక్క. యేసోబు కింద ఉండాడు. ఆపేదా?”

“దయచేసి సమస్యను స్పష్టమైన మాటల్లో చెప్పండి.”

తరువాత పొడుగాటి నిట్టూర్పు. లీవరు కదిలిన చప్పుడు. ఇనుము మూలిగింది. “యేసోబూ! ఒరేయ్ యేసోబూ!”

నేను ఆపేశాను. హుసేన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యేసోబు మొదటిసారి గుంజ వైపు చూశాడు. “నా పేరు చెప్పినావంటరా.”

“చెప్పినా.”

“మరి నువ్వే ఆపొచ్చుగదరా. దాన్ని అడిగేదేంది?”

దస్తగిరి నేలమీద వేలితో గీత గీశాడు. “ఆపాల్సింది. అంతకుముందు రెండు మాట్లు నా అంతట నేను ఆపితే పెట్టె నామీద తప్పు రాసుకునింది. మూడోది పడితే దింపేస్తారు. బయపడినా యేసోబూ. అదీ జరిగింది. ఎవురికి చెప్పుకునేది?”

యేసోబు చెయ్యి చాపాడు. గోడకున్న చంకకర్ర తీసి, దాని కొనతో దస్తగిరి మోకాలిని ఒకసారి పొడిచాడు, గట్టిగా కాదు. మళ్లీ గోడకు ఆనించాడు. అది క్షమో, కోపమో నేను చెప్పలేను. నాకు తెలియని భాషల్లో అదొకటి.

తరువాత నావైపు తిరిగాడు. “ఆ పెట్టెలో మాట్లాడేది ఎవురు సారూ? మిషనా, మనిషా?”

మిషను అని చెప్పవచ్చు. ఒక అర్థంలో అది నిజం కూడా. అలాంటి అర్థాలు వెతకడంలో నాకు మంచి శిక్షణ ఉంది.

“మనిషే. ఆ గొంతు నాది.”

హుసేన్‌బీ కొంగు దించి నన్ను చూసింది. దస్తగిరి చూడలేదు.

“నాకు తెలుసులే సార్,” అన్నాడు నేలవైపే చూస్తూ. “ఆ పొద్దు షెడ్డులో మీరు అదే మాట అన్నారు. పంతులు మనిషై కుర్చీలో కూసోనుండాడే అనుకున్నా. పెట్టెకి ఏడుమాట్లు చెప్పినా. ఎనిమిదో మాటు చెప్పి ఏం లాభం?”

అతని మౌనాన్ని నేను ‘సమాధానం చెప్పలేకపోయాడు’ అని రాశాను. ముప్ఫై ఆరేళ్లు లోపాలు వెతికినవాణ్ణి. తీగ తెగిందో, తీగ చెబుతున్నది ఎవరూ వినడంలేదో తేడా తెలిసి ఉండవలసినవాణ్ణి.

సంచిలోంచి ముసాయిదా తీశాను. దస్తగిరి ఏడుసార్లు హెచ్చరించాడనీ, మొదటి నివేదికను ఉపసంహరించుకుంటున్నాననీ, అతన్ని తిరిగి పనిలోకి తీసుకోవాలనీ అందులో ఉందని చెప్పాను. జాబితా తీసేసేదాకా నికషం ఉన్న యంత్రాలన్నిటినీ ఆపాలని కూడా ఉంది. సంస్థ ఒప్పుకుంటుందో లేదో తెలియదని కూడా చెప్పాను. సంతకం వాళ్ల ముందు పెడదామని తెచ్చాను.

“ఇందులో మీ తప్పేముందిలే సార్,” అన్నాడు దస్తగిరి. అతను నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు లేదు. “మీరు చదువుకున్నోళ్లు, పట్నపోళ్లు. పూనకం అంటే అమ్మోరి పూనకమే అనుకున్యారు. మా బండికాడ మాట మీకెట్ట తెలుస్తాది? తెల్దు గదా.”

అతను నాకు ఒక తలుపు తెరిచి పట్టుకున్నాడు. వకుళ కూడా అదే తలుపు తెరిచింది. ముసాయిదా రెండో పేజీలో ఆమె దయతో రాసిన వాక్యం ఉంది: ‘ఈ స్థానిక పదానికి అర్థం రూపకర్తకు తెలియకపోవడం వల్ల హెచ్చరికలు పరిగణనలోకి రాలేదు.’ ఎవరూ కాదనరు. నా సంఘం మిత్రులు కూడా తలలూపుతారు. తెలియకపోవడం నేరం కాదు.

“తెలుసు,” అన్నాను.

“ఏంది సార్?”

“మా ఇంట్లో బట్టల మిషను ఉంది. కాలు కింద ఆనిక లేనప్పుడు, బరువు ఒక పక్కకు చేరినప్పుడు అది ఊగుతూ నడుస్తుంది. మా ఆవిడ దాన్ని పూనకం అంటుంది. అనగానే నేను వెళ్లి ఆ కాలి కిందే చూస్తాను. పెట్టె పట్టించుకోకూడని మాటల జాబితాలో దాన్ని రాసిన రోజు పొద్దున కూడా చూశాను. నాకు తెలుసు. అది మీ నోట్లోంచి వచ్చింది కనక తెలియదనుకున్నాను.”

పక్క వాకిట్లో ఎవరో రుబ్బుతున్న చప్పుడు వినిపిస్తోంది. జేబులోంచి కలం తీసి ఆ వాక్యంలో ‘స్థానిక’ అన్నదాని మీదా, ‘తెలియకపోవడం వల్ల’ అన్నదాని మీదా గీత కొట్టాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని రెండోదాని పైన రెండు మాటలు రాశాను. అక్షరాలు, నా జీవితంలో మొదటిసారి, వంకరగా వచ్చాయి. సంతకం పెట్టి, ఆ వాక్యాన్ని వాళ్లకు చదివి వినిపించాను.

రేడియోలో చదివిన గొంతే అది. సగంలో పూడుకుపోయింది.

యేసోబు మంచం మీద ముందుకు వంగాడు. ముఖంలో నవ్వు లేదు. కళ్లలో మాత్రం ఏదో ఉంది.

“వినపడలా సారూ. దయచేసి స్పష్టమైన మాటల్లో చెప్పండి.”

దస్తగిరి తల ఎత్తాడు. నేను గొంతు సవరించుకున్నాను.

“ఈ పదానికి అర్థం రూపకర్తకు తెలిసి కూడా,” అని మళ్లీ మొదటినుంచి చదివాను.